మూడు గంటల బెల్లం

ఇదీ షుగరు పుస్తకం. అట్ట ఊడిపోయింది, దారంతో కుట్టినా.
ఎడమ పక్క పేరు, పేరు పక్కన వేలు,
వేలు పక్కన అంకె.
నిన్న ఉంగరం వేలు గుచ్చుంటే ఈ పొద్దు చిటికెన వేలు.
ధనకోటమ్మకు బొటనవేలు మాత్రం తాకొద్దు మే,
ఆమె దాంతో ఇంకా పూలు కడతా ఉండాది,
పూలూ దారమూ లేకపోయినా.

ఆ ఎండాకాలం నువ్వు లేవు.
స్ట్రిప్పులు పదిహేడు, మనుషులు ఇరవై ముగ్గురు.
వేలూరు దావ మూసేసినారు.
గిరింపేట మందులంగడాయన షట్టరు సగానికెత్తి
"రేపు" అన్నాడు.
ఆ రేపు రావడానికి తొమ్మిది దినాలు పట్టింది.
ఎవుర్ని గుచ్చాలో ఎవుర్ని వదలాలో
ముఖాలు చూసి తేల్చుకున్నా,
నాలుక తడి చూసి, రాత్రి ఎన్ని చెంబులు తాగినారో లెక్కేసి,
మరుగుదొడ్డి గడప కాడ చీమలు చేరినాయా అని
మా అవ్వ చూసినట్టు వంగి చూసి.

కరెంటు లేని రాత్రుల్లో ఇన్సులిన్ సీసాలు
కుండలో కుండ పెట్టి, నడాన తడి ఇసక పోసి దాచినా.
గంటకోసారి లేచి నీళ్ళు చిలకరించాల.
ఆ కుండ నాకు ఇరవై నాలుగో మనిషి.

ప్లాస్టిక్ కోటులో చెమట చెప్పుల్లోకి కారేది.
కళ్ళద్దాలకు ఆవిరి పట్టి
మిషన్లో ఎనిమిది నాకు మూడుగా కనిపించేది.
"ఎంతుందో చూడు తాతా" అంటే
"నా చూపును షుగరు తినేసి నాలుగేండ్లాయ గదమ్మా" అన్నాడు చెంగల్రాయప్ప.
ఒక అంకె కోసం ఇద్దరం తడుముకుంటా
నవ్వినాం, దగ్గినాం.

ఆయన ముప్పై ఎనిమిదేండ్లు బెల్లం మండీలో తూకం మనిషి.
అచ్చును గోటితో గీకి, నాలిక్కి రాసుకుని
ఏ ఊరి చెరుకో, ఏ పొయ్యి కాడ మాడిందో చెప్పేవాడంట.
ఇక్కడ చేరినాక ఆయన నోటికి బెల్లం చూపించింది లేదు.
ఆయాసానికి వేసిన సూదితో షుగరు నాలుగు నూర్లు దాటింది.
ఫోన్లో డాక్టరమ్మ డోసు పెంచింది.
పెంచినాక ఆయన తినడం మానేసినాడు.
రుచీ వాసనా పోయి పదకొండు దినాలు,
ఉప్మా నోట్లో పెట్టి "ఇది ఇసకా?" అన్నాడు.
సూది మాత్రం వేసినా.
తట్టలో మిగిలింది ఎవురూ నాకు చెప్పలేదు,
నేనూ అడగలేదు.

మూడు గంటలకు
నుదురు ముట్టుకుంటే చల్లని చెమట,
"సంచి దించండ్రా, సంచి దించండ్రా" అంటా ఉన్నాడు.
నలభై ఎనిమిది.
ఈసారి అది మూడు కాదు, ఎనిమిదే.
హార్లిక్స్ సీసాలో దాచిన బెల్లం నలిపి
దవడ పక్కన పెట్టినా. మింగినాడు.
ఇంకో ముక్క.
ఒక మాస్కు, ఒక ఫ్యాను చప్పుడు, పావుగంట.

కండ్లు తెరిచి అన్న మొదటి మాట:
"హైడ్రోసు కలిపినారు దీంట్లో.
ఎవురు మే నీకు ఈ తెల్ల బెల్లం అమ్మింది?"

నేను గోడకు ఆనుకుని కూలబడినా.
రుచి వచ్చింది ఆయనకు.
తొంభై ఒకటి.
రెండు స్ట్రిప్పులు ఖర్చు, రాసినా.

రాయనిది కూడా ఒకటుండాది.
కాదర్‌బీ గీత ఖాళీగా ఉండాది చూడు,
జూన్ ఆరు నుంచి.
ఆమె వంతు స్ట్రిప్పులు మిగిల్తే
ఆ వారం ముగ్గురికి వాడినా.
ఆ గీత మీద ఇంకో పేరు రాయొద్దు.

సరే, తాళంచెవి తీసుకో.
కింది అరలో సీసా ఉండాది,
ఇప్పుడు పెనుమూరు పక్క నల్ల బెల్లం,
ఆయన చెప్పి తెప్పించిందే.
"మళ్ళీ పడిపోతే మంచిది పెట్టండి" అన్నాడు.
మింగలేనోళ్ళ నోట్లో మాత్రం ఏమీ పెట్టొద్దు,
ముందు ఫోన్ చెయ్.
తట్టలు కడిగేవాళ్ళను అడుగు, ఎవురు ఎంత వదిలినారో.
సూది కన్నా ముందు అడుగు.